రెండు సుడులు

మా షాపు మధ్యలో ప్లైవుడ్ గోడ ఉంటుంది. అటువైపు మగవాళ్లకి మా ఆయన కత్తిరిస్తాడు, ఇటువైపు ఆడవాళ్లకి నేను కత్తిరిస్తాను. గోడలో తలకాయ పట్టేంత కిటికీ ఒకటి ఉంది. మంచి క్లిప్పర్ మా దగ్గర ఒక్కటే ఉండటంతో అది రోజంతా ఆ కిటికీలోంచి అటూ ఇటూ తిరుగుతుంది. మా కాపురం కూడా చాలావరకు ఆ కిటికీలోంచే నడిచింది. భోంచేశారా, గ్యాస్ కట్టేశావా, మీ చెల్లెలు మళ్లీ ఎందుకు ఫోన్ చేసింది, అన్నీ అందులోంచే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే మాకు పోట్లాట వస్తుంది.

మా పేటలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ, ఫుట్‌బాల్ కోసం కొట్టుకునేవాళ్లు ఎక్కువ. మా జట్టు రంగు మెరూన్. అవతలి జట్టుది నిమ్మపండు రంగు. మా జట్టు అభిమానుల్లో ఒక దండు ఉంది. దాని నాయకుణ్ణి కెప్టెన్ అంటారు. కెప్టెన్ జన్మలో బంతిని తన్నగా ఎవరూ చూడలేదు. మిగతావన్నీ తన్నాడు. చెత్తడబ్బాలు, బస్సు తలుపులు, అవతలి జట్టువాళ్ల స్కూటర్లు. జట్టు గెలిస్తే ఈ దండు సంతోషం పట్టలేక పగలగొట్టేది, ఓడితే బాధ పట్టలేక పగలగొట్టేది. డ్రా అయితే ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడి, ఆ తర్వాత పగలగొట్టేది.

దండులో అందరికీ తల వెనక జుట్టులో గొరిగిన మెరుపు గీత ఉండాలని కెప్టెన్ నియమం పెట్టాడు. ఆ గీత తీసేది మా ఆయనే. వాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది, గీత మాత్రం స్కేలు పెట్టినట్టు వచ్చేది. పనిలో కోపం చూపించడం ఆయనకి చేతకాదు. ఆ కొరత నేను తీరుస్తుంటాను.

మా వాడికి ఇరవై దాటాయి. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే షాపులో పని చేస్తాడు. ఆ దండుతో తిరగొద్దని నేను చెప్పడం, సరే అమ్మా అని వాడు అనడం, మర్నాడు మెరూన్ మఫ్లర్ మెడలో వేసుకుని వాళ్ల వెనకాలే పోవడం, ఇదంతా మా ఇంట్లో పళ్లు తోముకోవడంలా రోజూ జరిగిపోయేది. మాట మాత్రం మెత్తన. పెద్దవాళ్లు కనిపిస్తే లేచి నిలబడతాడు. చిన్నప్పుడు స్కూలు నుంచి నేరుగా షాపుకే వచ్చేవాడు కదా, ఇరుకు షాపులో ఎవరో ఒకరి కాలు తొక్కుతూ ఉండేవాడు. తొక్కినప్పుడల్లా సారీ చెప్పాలని నేనే నేర్పాను. మగవాళ్లయితే సారీ బాబాయ్, ఆడవాళ్లయితే సారీ పిన్నీ. అలవాటు నోటికి పట్టేసింది. ఇప్పటికీ ఒక్కోసారి తలుపుకి భుజం తగిలితే తలుపుకి కూడా సారీ చెప్తాడు.

వాడి తల మాత్రం ఎప్పుడూ నేనే కత్తిరిస్తాను. చిన్నప్పుడు ఒకసారి వాళ్ల నాన్న వాడి చెవి కొసన కత్తెర తగిలించాడు. రక్తం చుక్కంత వచ్చింది, ఏడుపు వీధంతా వినిపించింది. అప్పటినుంచి వాడు గోడకి ఇటువైపే. మెరుపు గీత కావాలని గొడవ చేస్తే, గీతలూ గాతలూ నా కుర్చీలో కుదరవని చెప్పేశాను. వాడి నడినెత్తిన రెండు సుడులున్నాయి, ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి తిరుగుతుంది. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్లిళ్లని నా దగ్గరికొచ్చేవాళ్లంతా వాణ్ణి ఏడిపించేవాళ్లు. “ముందు మొదటిది కానివ్వండి పిన్నీ” అనేవాడు. పెళ్లిళ్ల సంగతేమో గానీ, రెండు సుడుల తలతో మహా చిరాకు. అక్కడ పొట్టిగా తీస్తే రెంటి మధ్యా జుట్టు ముళ్లలా లేస్తుంది. అందుకని అక్కడ వేలెడు వదిలేస్తాను. ఆ వదిలింది కూడా నూనె పెట్టి అణచకపోతే కోడి జుట్టులా నిలబడుతుంది. అలాంటి తల మా పేటలో ఇంకోటి లేదు. ఉంటే మా ఇద్దరిలో ఎవరో ఒకరి చేతిలోకి వచ్చేదే.

ఇక గేటాయన గురించి చెప్పాలి. స్టేడియం గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి, మా ఆయనకి పాత కస్టమరు. కుర్చీలో కూర్చోగానే నిద్రపోతాడు. పని అయ్యాక లేపితే “అప్పుడేనా?” అంటాడు. తలమీద కత్తిరించడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఆ నిద్ర కోసమే వస్తాడని మా అనుమానం. ఆ వారం స్టేడియంవాళ్లు గేటు దగ్గర పనిచేసేవాళ్లందరికీ లైటు పడితే మెరిసే కొత్త జాకెట్లు ఇచ్చారు. లోకంలో అలాంటి జాకెట్లన్నీ ఏ రంగులో ఉంటాయో ఇవీ ఆ రంగులోనే ఉన్నాయి. నిమ్మపండు రంగు.

మధ్యాహ్నం మ్యాచ్‌లో మా జట్టు ఓడిపోయింది. జనం బయటికొచ్చారు. కెప్టెన్‌కి ఎదురుగా నిమ్మపండు రంగు కనిపించింది.

మర్నాడు పేపర్లో ‘అభిమానుల మధ్య ఘర్షణ’ అని రాశారు. ఘర్షణ అంటే రెండు వైపులుండాలి. ఇక్కడ ఒక వైపు కెప్టెన్ దండంతా ఉంది, రెండో వైపు ఒక జాకెట్ ఉంది. జాకెట్ లోపల గేటాయన ఉన్నాడు. పక్కటెముకలు విరిగాయి, తలకి ఆపరేషన్ చేశారు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు.

ఆ సాయంత్రం మా వాడు ఇంటికొచ్చి బూట్లు కడుక్కున్నాడు. మంచినీళ్లు తాగిన గ్లాసు తియ్యని మనిషి, స్నానాలగదిలో పీట వేసుకుని కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో కుట్ల మధ్య కూడా రుద్దాడు. నేను తలుపు దగ్గర నిలబడి మురిసిపోయాను. బాధ్యత తెలుస్తోంది, ఇక సంబంధాలు చూడొచ్చు అనుకున్నాను.

“మ్యాచ్‌కి వెళ్లావా?” అని అడిగాను.

“లేదమ్మా. ఓనరు ఏసీ బిగించే పని చెప్పాడు.”

నమ్మాను. నమ్మడానికి నాకేమీ కష్టం కాలేదు.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ జుట్టు చివర్లు కత్తిరించుకోవడానికి వచ్చింది. వస్తూనే ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టింది. స్టేడియం ఎదుటి మేడమీద ఆరేసిన బట్టలు తీసుకుంటున్నవాళ్లెవరో తీసిన వీడియో. అందరి మొహాలకీ మఫ్లర్లున్నాయి, పైగా మేడమీంచి తీసింది. కాబట్టి అన్నీ తలలే. మెరుపు గీతలు గుండ్రంగా మూగి ఉన్నాయి, వాటి మధ్య కింద నిమ్మపండు రంగు ఉంది. ఒక అంచున గీత లేని తల ఒకటి ఉంది. దాని నడినెత్తిన వేలెడు జుట్టు నిలబడి ఉంది. ఆ జుట్టుకి అటో సుడి, ఇటో సుడి.

“ఎవరో గుర్తు పట్టావా అక్కా?” అంది టైలరమ్మ.

“తలలన్నీ ఒకలాగే ఉన్నాయి” అన్నాను. ఈ పనిలోకి వచ్చాక అంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

ఆమె వెళ్లాక తువ్వాళ్లు పెట్టుకునే గదిలోకి వెళ్లి నా ఫోన్లో ఆ వీడియో మళ్లీ చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. మా వాడికి ముందు కెప్టెన్ ఉన్నాడు. కెప్టెన్ వీపు అడ్డమొచ్చి మా వాడు నడుము నుంచి కిందికి కనిపించడం లేదు. తల ఊగుతోంది, అంతే. ఊగడం ఏముంది, తోపులాటలో అందరి తలలూ ఊగుతాయి. వాడు తన్నుతున్నాడా, ఊరికే నిలబడ్డాడా అన్నది ఆ వీపు వెనక ఉంది. నాకు తెలియాల్సింది అదొక్కటే. వాడక్కడ ఉన్నాడన్నది అయిపోయింది, దాన్నెవరూ మార్చలేరు. తన్నాడా, లేదా?

మధ్యాహ్నానికి నేనొక నిర్ణయానికొచ్చేశాను. నిలబడ్డాడు. భోజనాల వేళకి ఇంకొంచెం ముందుకెళ్లి, ఆపడానికే వెళ్లాడు అనుకున్నాను. సాయంత్రానికల్లా నా బుర్రలో మా వాడు గేటాయన్ని కాపాడబోయి ఆ గుంపులో ఇరుక్కుపోయిన ఒకే ఒక్క మంచి మనిషి అయిపోయాడు. మధ్యమధ్యలో బూట్లు గుర్తొచ్చేవి. గుర్తొచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒకటి ఊడ్చేదాన్ని. ఆ వారం మా షాపు ఉన్నంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

“వీడియో చూశావా?” అని ఇంట్లో వాణ్ణి అడిగాను.

“చూశానమ్మా. పాపం, గేటు బాబాయ్” అన్నాడు. కంచంలో ఇంకొంచెం వడ్డించుకున్నాడు. పాపం అనే మాట వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు అంతుపట్టలేదు.

రెండ్రోజులాగి ఇన్‌స్పెక్టర్ మా ఆయన కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. గడ్డం చేయించుకున్నాడు. నేను ఇటువైపు కిటికీ పక్కన నిలబడి చెవులు రిక్కించాను. మొహం తుడిచాక ఫోన్ తీశాడు.

“ఈ తలలన్నీ నీ చేతి కిందివే కదా?”

మా ఆయన చాలాసేపు చూశాడు. ఆ చూడటం నాకు వినిపించింది, ఎందుకంటే అంతసేపూ అటువైపు ఏ చప్పుడూ లేదు.

“వెలుతురు సరిపోలేదు సార్” అన్నాడు.

“పట్టపగలు తీశారయ్యా.”

“పట్టపగలే సార్. తలల మీద సరిపోలేదు.”

“అంచున ఉన్నవాడు? వాడికి గీత కూడా లేదు.”

“వాడి మీద అసలే లేదు సార్.”

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. “బుధవారం స్టేషన్‌కి రా. పెద్ద తెర మీద చూపిస్తా, వెలుతురు కూడా పెంచుతా” అని వెళ్లిపోయాడు. కాసేపటికి క్లిప్పర్ కిటికీలోంచి ఇటు వచ్చింది. నేను క్లిప్పర్ అడగలేదు. ఇచ్చి, కిటికీలోకి చూడకుండా వెనక్కి తిరిగాడు. ఆయన కూడా సుడులు చూశాడని నాకర్థమైంది. నాకర్థమైందని ఆయనకీ అర్థమైంది. ఆ రోజు ఆ కిటికీలోంచి క్లిప్పర్ తప్ప ఇంకేమీ రాలేదు, ఒక్క మాట కూడా.

పోలీసులు తలలు చూడబోతున్నారన్న వార్త కెప్టెన్ చెవిన పడింది. ఆదివారం పొద్దున్నే దండంతా మా షాపు ముందు వాలింది. కెప్టెన్ కుర్చీలో కూర్చున్నాడు.

“గుండు కొట్టన్నా.”

“నీకా?”

“అందరికీ. వాళ్లు చూసేది తలల్నే కదా? తలమీద ఏమన్నా ఉంటే కదా చూడ్డానికి.”

దండు కెప్టెన్ తెలివికి మురిసిపోయింది. ఒకడు ఈల కూడా వేశాడు.

మా ఆయన నోరు తెరిచాడు. “కెప్టెన్, మన పేటలో ఒక్కసారిగా ఇంతమంది...” అని మొదలుపెట్టాడు. “నీ సలహా అడగలేదన్నా, కొట్టు” అన్నాడు కెప్టెన్. మా ఆయన నోరు మూసుకున్నాడు. బ్లేడు మార్చాడు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, నురగ రాసి, రెండుసార్లు గీసి, తడిగుడ్డతో తుడిచి, నున్నగా అరచేత్తో తడిమి చూసి మరీ పంపించాడు. అంత శ్రద్ధగా ఆయన గుండు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

వాళ్లంతా కలిసి వీధిలోకి దిగారు. మంచి ఎండగా ఉంది. ఎదురుగా కూరగాయలమ్మే ఆవిడ తలెత్తి చూసి, “ఓహో, వీళ్లా!” అంది. అంతవరకూ ఆవిడకి ఎవరెవరో తెలియదు.

సోమవారం మధ్యాహ్నానికి పేట పేటంతటికీ తెలిసిపోయింది. పెట్రోల్ బంకులో ఒక గుండు, టైర్ల షాపులో ఒక గుండు, కొరియర్ ఆఫీసులో రెండు గుండ్లు. జనం పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చారు. తాము చేసిందేమిటో కెప్టెన్‌కి అప్పటికి తలకెక్కింది. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. పేటలో మిగతావాళ్లు కూడా గుండు కొట్టించుకుంటే ఎవరు ఎవరో తేలదు కదా. ఇల్లిల్లూ తిరిగి, గుండు ఆరోగ్యానికి మంచిదని, ఎండాకాలం చల్లగా ఉంటుందని చెప్పాడు. మొహం మీదే తలుపులేశారు. ఎన్నో ఏళ్లుగా బట్టతల ఉన్న పోస్టుమాస్టరు, తనది సహజమైనదని చూపించడానికి పాత ఫొటో ఒకటి జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

మంగళవారం ఇన్‌స్పెక్టర్ వ్యాను తెచ్చాడు. పెద్ద తెర అవసరం పడలేదు. ఎండలో మెరిసిన తలనల్లా ఎక్కించుకున్నాడు. ఈత నేర్పే మాస్టారు ఎప్పుడూ గుండుతోనే ఉంటాడు, ఆయన్ని కూడా ఎక్కించి, సాయంత్రం క్షమించమని దింపేశారు. దండులో ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. పక్కవాడి పేరు చెప్పకూడదన్నది వాళ్లకి మెరుపు గీతకంటే పెద్ద నియమం. కాబట్టి మా వాడి పేరూ బయటికి రాలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా అంచున ఉన్న తలని వ్యానులో ఎవరికో ఒకరికి తగిలించుకుని ఊరుకున్నాడు. గుండ్లన్నీ దొరికాక జుట్టున్నవాణ్ణి ఎవరనుమానిస్తారు?

మా వాడు ఎందుకు గుండు కొట్టించుకోలేదంటే, కొట్టించుకుంటే నాకు తెలిసిపోతుందని. పోలీసులకంటే నాకే ఎక్కువ భయపడ్డాడు. ఆ భయమే వాణ్ణి కాపాడింది. నేనా విషయానికి సంతోషపడ్డాను, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. చాలా సంతోషపడ్డాను.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి మా ఆయన గొంతు వచ్చింది.

“వాడు పనికెళ్లాడా?”

“వెళ్లాడు.”

“ఆ వీడియోలో నిజంగానే వెలుతురు సరిపోలేదు.”

“అవును. నాకూ సరిపోలేదు.”

అక్కడితో ఆ విషయం ముగిసిపోయింది. మా కాపురంలో పోట్లాట లేకుండా మేమిద్దరం ఒప్పుకున్న మొదటి విషయం అదే.

తర్వాతి వారం గేటాయన భార్య వచ్చింది. ఆవిడ నా దగ్గర జుట్టుకి రంగు వేయించుకునే మనిషి. ఈసారి తలలో సగం తెలుపు పైకొచ్చేసింది, అది పట్టించుకునే స్థితిలో లేదు. కుర్చీ అంచున కూర్చుంది.

“ఆయనకి ప్రమాదం తప్పింది వదినా. మాట్లాడుతున్నారు” అంది.

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ దిగిన బరువులో ఎక్కువ భాగం మా వాడిదే.

“ఆపరేషన్‌కి సగం తల గొరిగి వదిలేశారు. అద్దంలో చూసుకుని ఒకటే గొడవ. అన్నయ్యని ఒక్కసారి రమ్మను, ఆ మిగతా సగం కూడా సమం చేస్తాడు అంటున్నారు.”

గోడకి అటువైపు చీపురు చప్పుడు ఆగిపోయింది.

“ఏమండీ, విన్నారా?” అన్నాను.

“కస్టమర్లున్నారు” అన్నాడు మా ఆయన. అటువైపు ఒక్క మనిషి కూడా లేడని మా ఇద్దరికీ తెలుసు.

“నేనొస్తాలే వదినా” అని కిటికీలో చెయ్యి పెట్టాను. క్లిప్పర్ చేతిలోకి వచ్చింది.

ఆస్పత్రిలో గేటాయన మంచం కిటికీ పక్కన ఉంది. ఛాతీకి పట్టీ, ఒక కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తలకి ఒక వైపు కుట్లు చెవి దాకా వచ్చాయి, రెండో వైపు ఆయనకున్న నాలుగు వెంట్రుకలూ అలాగే ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు.

“నువ్వొచ్చావా చెల్లెమ్మా. మగవాళ్ల తలలు కూడా మొదలెట్టావా?”

“మీదొక్కటే అన్నయ్యా” అన్నాను.

మెడ చుట్టూ గుడ్డ కట్టి పని మొదలుపెట్టాను. ఆయన నిద్రపోలేదు. కళ్లు మూసుకునేవాడు, వరండాలో బూట్ల చప్పుడు వినగానే తెరిచేవాడు. వార్డుబాయ్ వెళ్లినా తెరిచేవాడు, డాక్టర్ వెళ్లినా తెరిచేవాడు. మా షాపు కుర్చీలో గురకపెట్టే మనిషి.

“జాకెట్ వెనక్కిచ్చెయ్యమని ఆఫీసు నుంచి కబురు పెట్టారు” అన్నాడు. “చిరిగిపోయిందని చెప్పాం. ఎలా చిరిగిందో రాసివ్వమన్నారు.”

“మొహాలేమన్నా చూశారా అన్నయ్యా?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది. కానీ నేను వచ్చిందే అందుకోసమని అడిగాక తెలిసింది.

“ఎక్కడ చూస్తాను? కింద పడ్డాక అన్నీ బూట్లే. పోలీసులకీ అదే చెప్పాను.” తలుపు వైపు ఒకసారి చూశాడు. “ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెప్తే నవ్వుతారని.”

“ఏంటది?”

“ఒకడున్నాడు చూడు. తన్నిన ప్రతిసారీ ‘సారీ బాబాయ్’ అన్నాడు. తన్నడం, సారీ బాబాయ్ అనడం. మళ్లీ తన్నడం, మళ్లీ సారీ బాబాయ్. మిగతావాళ్లు బూతులు తిడుతున్నారు, వీడొక్కడు సారీ చెప్తున్నాడు.” ఆయనకి నవ్వొచ్చింది, నొప్పీ వచ్చింది. “ఎవరి పిల్లాడో గానీ, మర్యాద తెలిసినవాడు.”

క్లిప్పర్ కుట్ల పక్కన ఉంది కాబట్టి నా చెయ్యి వణకడానికి వీల్లేదు. వణకలేదు. చెవి చుట్టూ తీశాను, మెడ దగ్గర సమం చేశాను, రాలిన వెంట్రుకలు దిండు మీద పడకుండా గుడ్డలో మూట కట్టాను.

“అయిపోయిందన్నయ్యా.”

“అప్పుడేనా?” అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడి మీద కోపం వచ్చింది, అసహ్యం వేసింది, పరిగెత్తుకెళ్లి వాణ్ణి ఎక్కడైనా దాచెయ్యాలనీ అనిపించింది. మూడూ ఒక్కసారే. గేటాయన భార్య వచ్చి పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. “బతికారుగా వదినా, ఊరుకో” అంది. ఆవిడ నన్ను ఓదార్చడం ఇంకా ఘోరంగా ఉంది.

షాపుకొచ్చి వాడికి ఫోన్ చేశాను. పని అవగానే ఇటే రమ్మన్నాను. వచ్చాడు. కుర్చీ చూపించాను.

“మొన్ననేగా కత్తిరించావ్?”

“కూర్చో.”

కూర్చున్నాడు. చుట్టూ దగ్గరగా తీసేశాను. నడినెత్తిన మాత్రం వేలెడు వదిలాను, ఎప్పటిలాగే. తల కడిగాను, తువ్వాలుతో గట్టిగా తుడిచాను. నూనె సీసా ముట్టుకోలేదు. ఆరేకొద్దీ మధ్యలో జుట్టు నెమ్మదిగా లేచి నిలబడింది.

“అమ్మా, వెనక లేచింది.”

“లేవనీ.”

అద్దంలో నా మొహం చూశాడు. చూపు దించుకున్నాడు.

“గేటాయన దగ్గరికెళ్లొచ్చాను” అన్నాను. “సారీ బాబాయ్ అన్నావట.”

గోడకి అటువైపు రేడియో మోగుతోంది. మా ఆయన దాన్ని కట్టేశాడు.

“అందరూ తంతున్నారమ్మా” అన్నాడు. “నేనొక్కణ్ణే ఊరికే నిలబడితే బావుండదని... కెప్టెన్ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఏమనుకుంటారోనని. మెల్లగానే తన్నా.”

“మెల్లగా తన్నితే బూట్లు టూత్‌బ్రష్‌తో ఎందుకు కడిగావు?”

వాడు కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. చెంప మీద ఒక్కటివ్వాలని చెయ్యి లేచింది. గట్టిగా కొడదామనే అనుకున్నాను. చేతిలో దువ్వెన ఉంది, దాన్ని బల్ల మీద పెట్టేసరికి కొట్టే ఓపిక పోయింది. మెడ మీద వెంట్రుకలు దులిపాను.

“లే. స్టేషన్‌కి వెళ్దాం.”

“అమ్మా, నా పేరు ఎవరూ చెప్పలేదు. అందరూ ఒప్పేసుకున్నారు. కేసయిపోయిందమ్మా.”

“గేటాయన నిద్రపోవట్లేదురా” అన్నాను.

అటువైపు షట్టర్ దిగిన చప్పుడైంది. మా ఆయన వీధిలోంచి తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఇటువైపు ఆయన అడుగుపెట్టడం అరుదు, ఎక్కడ నిలబడాలో తెలియక డ్రయ్యరు పక్కన నిలబడ్డాడు. నాకు అడ్డు చెప్తాడేమోనని చూశాను. చెప్తే బాగుండుననీ చూశాను. ఆయన వాడి తలని చూస్తున్నాడు, లేచి ఉన్న జుట్టుని.

“బాగా తీశావ్” అన్నాడు నాతో. వాడితో “పద” అన్నాడు.

దారిలో తెలిసినవాళ్లు పలకరిస్తే మా వాడే బదులు చెప్పాడు. బాగున్నాం పిన్నీ. ఆ, ఇక్కడిదాకానే బాబాయ్.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు. మా ఆయన్ని చూసి, “నువ్విక రానక్కర్లేదని చెప్పమన్నానే. తలలన్నీ దొరికాయి” అన్నాడు.

“ఒకటి మిగిలింది సార్” అన్నాను నేను. “ఆ వీడియో తీయండి. అంచున ఉన్నవాడు.”

ఆయన నా వైపూ, మా వాడి వైపూ చూశాడు. టీ కప్పు పక్కన పెట్టి ఫోన్ తీశాడు. నేను మా వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాను. గడ్డం కింద వేలు పెట్టి, కుర్చీలో అందరికీ చేసినట్టే, తల ముందుకి వంచాను. వాడు వంచాడు. చిన్నప్పటినుంచీ ఈ ఒక్క విషయంలో నాకు ఎదురుచెప్పలేదు. మా ఆయన బల్ల మీది లైటు మెడ పట్టుకుని నెమ్మదిగా ఇటు తిప్పాడు. వెలుతురు సరిగ్గా నడినెత్తిన పడింది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చూశాడు, తల చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. “ఊ” అని కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. నా చెయ్యి ఇంకా వాడి మెడ మీదే ఉంది. అది తియ్యడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

ఒక పెద్ద వయసు కానిస్టేబుల్ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. మా వాడు లేస్తూ, చూసుకోకుండా, ఆయన కాలు తొక్కాడు.

“సారీ బాబాయ్” అన్నాడు.